నలభై దాటాక యూనివర్సిటీకి: కమ్యూనిటీ కాలేజీ నుంచి ట్రాన్స్‌ఫర్ అయ్యేవారు ఫీజు డబ్బు సమకూర్చుకోవడం ఎలా?

“అక్కా, ఈ వయసులో మనకు స్కాలర్‌షిప్పులు ఎవరిస్తారు?”

మా వీధి చివరి ఇంట్లో ఉండే అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకు ముప్పై ఎనిమిది. నాకు అప్పటికి నలభై మూడు. కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్ల చదువు తక్కువ ఫీజుకు చెప్పే చోటు) మూడేళ్లు నత్తనడకన చదివి, యూనివర్సిటీలో మూడో సంవత్సరంలో చేరబోతున్నాను. గుంటూరులో బీఎస్సీ మధ్యలో ఉండగా పెళ్లయి ఆగిపోయిన చదువు, పిల్లలు హైస్కూలుకు వచ్చాక మళ్లీ మొదలైంది. ఆ రోజు టీ చల్లారేలోపు ఆమెకు చెప్పలేకపోయిన సంగతులన్నీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను. నేను ఉన్నది కాలిఫోర్నియా కాబట్టి రాష్ట్ర పథకాల దగ్గర ఆ ఊసే ఎక్కువ ఉంటుంది. ఫెడరల్ నియమాలు మాత్రం అమెరికా అంతటా ఒకటే.

ముందుగా ఒక భయం తీసేసుకోండి. ఫెడరల్ సహాయానికి వయోపరిమితి లేదు. పైగా వయసు మనకు కలిసొస్తుంది. ఇరవై ఏళ్ల కుర్రవాడి అర్హతను అతని తల్లిదండ్రుల ఆదాయం చూసి లెక్కిస్తారు. 24 ఏళ్లు నిండినవారినీ పెళ్లయినవారినీ స్వతంత్ర విద్యార్థులుగా చూస్తారు. 2026-27 దరఖాస్తుకైతే 2003 జనవరి 1కి ముందు పుట్టి ఉంటే చాలు. మన లెక్కలోకి మనమూ మన జీవిత భాగస్వామీ మాత్రమే వస్తారు. మనలాంటివారికి చిక్కులు పాత సంగతుల దగ్గర వస్తాయి: ఇండియాలో తెచ్చుకున్న డిగ్రీ, పేరు మీద ఉన్న స్థలం, ఎప్పుడో సగంలో వదిలేసిన కోర్సులు. ట్రాన్స్‌ఫర్‌కు కనీసం ఏడాది ముందు వీటిని తేల్చుకోవాలి. అడ్మిషన్ ఉత్తరం చేతికొచ్చాక మొదలుపెడితే సగం గడువులు దాటిపోయి ఉంటాయి.

మొదటి పని: మీరు ఏ వరుసలో ఉన్నారో చూసుకోండి

అమెరికా పౌరులకూ గ్రీన్ కార్డ్ ఉన్నవారికీ ఫెడరల్ సహాయం తలుపు తెరిచే ఉంటుంది. శరణార్థుల వంటి మరికొన్ని వర్గాలకూ అర్హత ఉంది. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవారికి లేదు. హెచ్-4 మీద పని అనుమతి కార్డు వచ్చి, సోషల్ సెక్యూరిటీ నంబరు ఉన్నా సరే, ఇందులో మార్పు ఉండదు. గ్రీన్ కార్డ్ వరుసలో ఏళ్ల తరబడి నిలబడి ఉన్న మనవాళ్లకు ఇది కష్టంగానే ఉంటుంది. అయితే కాలిఫోర్నియాతో సహా కొన్ని రాష్ట్రాల్లో హెచ్-4 వారు నివాస నియమాలు పూర్తిచేస్తే రాష్ట్ర వాసుల ఫీజుకే చదువుకోవచ్చు. బయటి రాష్ట్రం వారి ఫీజుతో పోలిస్తే ఆ తేడాయే పెద్ద స్కాలర్‌షిప్ అంత ఉంటుంది. కాలేజీలో నివాసాన్ని నిర్ణయించే అధికారిని కలిసి ఇంటి అద్దె పత్రం, పన్ను కాగితాలు, డ్రైవింగ్ లైసెన్సు చూపించి ఆ ముద్ర ముందే వేయించుకోండి.

ఇక రెండో ప్రశ్న మన తెలుగువారికి అసలైనది. మీకు ఇండియాలో వచ్చిన డిగ్రీ ఉందా?

తిరిగి కట్టనక్కరలేని ఫెడరల్ డబ్బులో పెద్దది పెల్ గ్రాంట్. 2025-26లో గరిష్ఠం ఏడాదికి 7,395 డాలర్లు. బ్యాచిలర్స్ డిగ్రీ ఇంకా లేనివారికే ఇది ఇస్తారు. బీటెక్ చేసి వచ్చి ఇక్కడ నర్సింగ్‌కో అకౌంటింగ్‌కో మారాలనుకునేవారు చాలామంది “అది ఇండియా డిగ్రీ కదా, లెక్కలోకి రాదు” అనుకుంటారు. వస్తుంది. నాలుగేళ్ల బీటెక్ ఉన్నవారికి పెల్ అందదు. కాలిఫోర్నియా రాష్ట్రం ఇచ్చే క్యాల్ గ్రాంట్‌కూ మొదటి బ్యాచిలర్స్ చదివేవారే అర్హులు.

మూడేళ్ల బీకాం, బీఏ, బీఎస్సీల సంగతి కొంచెం వేరు. విదేశీ డిగ్రీ అమెరికా బ్యాచిలర్స్‌తో సమానమా కాదా అన్నది కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయమే నిర్ణయించాలి. సమానం కాదని చూపే రాతపూర్వకమైన ఆధారం మీరు ఇస్తే, అంటే ఎన్నేళ్ల చదువు, ఎలాంటి సంస్థ అన్న వివరాలతో మూల్యాంకన సంస్థ ఇచ్చిన నివేదిక లాంటిది ఇస్తే, మీకు బ్యాచిలర్స్ లేనట్టుగా వారు తేల్చవచ్చు. తేల్చకపోనూవచ్చు. కమ్యూనిటీ కాలేజీ ఒకలా, యూనివర్సిటీ మరోలా తేల్చే వీలూ ఉంది. అందుకే మీరు వెళ్లదలచుకున్న యూనివర్సిటీకి ముందే ఈమెయిలు రాసి, జవాబు రాతలో తెప్పించుకోండి.

“డిగ్రీ ఉందని చెప్పకండి, వాళ్లకెలా తెలుస్తుంది” అని సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వినకండి. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తులో గతంలో చదివిన ప్రతి కాలేజీ పేరూ రాయమంటారు. దాచినట్టు తేలితే అడ్మిషన్ రద్దవుతుంది, తీసుకున్న గ్రాంటు తిరిగి కట్టాలి, గ్రీన్ కార్డ్ మీద ఉన్నవారికి ఆ మచ్చ పౌరసత్వ దరఖాస్తు దాకా వెంటాడవచ్చు.

నిజంగానే డిగ్రీ ఉంటే రెండో బ్యాచిలర్స్ ఆలోచన ఒకసారి తిరగేసి చూడండి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లు రెండో బ్యాచిలర్స్ కోసం వచ్చేవారిని చాలా అరుదుగా చేర్చుకుంటాయి. చేర్చుకునే చోట ఫెడరల్ అప్పు దొరుకుతుంది గానీ గ్రాంటు ఉండదు. కమ్యూనిటీ కాలేజీలో కావలసిన ప్రాథమిక కోర్సులు మాత్రం పూర్తిచేసి నేరుగా మాస్టర్స్‌కు వెళ్లడం చాలా సందర్భాల్లో చవక. అక్కడ కూడా 2026 జూలై 1 నుంచి నియమాలు బిగుస్తున్నాయి. కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ అప్పు ఉండదు, మామూలు మాస్టర్స్‌కు ఫెడరల్ అప్పు ఏడాదికి 20,500 డాలర్లే.

రెండో పని: మీ పెల్ ఎంత మిగిలిందో లెక్క చూసుకోండి

పెల్ గ్రాంట్ జీవితకాలంలో పూర్తి సమయం చదువు లెక్కన ఆరేళ్లకే వస్తుంది. దాన్ని 600 శాతంగా చూపిస్తారు. పూర్తి ఏడాది వాడుకుంటే 100 శాతం ఖర్చయినట్టు. స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్‌లో మీ ఖాతా తెరిస్తే ఇప్పటివరకు ఎంత వాడారో కనిపిస్తుంది. కమ్యూనిటీ కాలేజీలో నాలుగేళ్లు నానబెట్టి, యూనివర్సిటీలో మూడేళ్లు పట్టే మేజర్ (ప్రధాన విషయం) ఎంచుకుంటే ఆఖరి ఏడాదికి చేతిలో ఏమీ మిగలదు.

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో యూనిట్‌కు 46 డాలర్లే ఫీజు. ఆదాయం తక్కువగా ఉంటే కాలిఫోర్నియా కాలేజ్ ప్రామిస్ గ్రాంట్ అదీ మాఫీ చేస్తుంది. అలాంటప్పుడు పెల్ డబ్బు పుస్తకాలకూ పెట్రోలుకూ అద్దెకూ పనికొస్తుంది. తీసుకోవద్దని అనను. కానీ ఏ మేజరో తెలియకుండా సరదాకి చేసే కోర్సులకు పెల్‌ను కరిగించకండి. మీ కాలేజీలో ఈఓపీఎస్ కార్యాలయం ఉంటే ఇప్పుడే చేరండి. పుస్తకాలకు సాయం, ప్రత్యేక కౌన్సిలర్, యూనివర్సిటీ దరఖాస్తు ఫీజు మినహాయింపులు అక్కడ దొరుకుతాయి. ఒంటరిగా పిల్లల్ని పెంచుకునేవారికి దాని అనుబంధంగా కేర్ అనే మరో పథకం కూడా ఉంది.

డబ్బు ఆదా అయ్యేది కోర్సుల ఎంపికలో కూడా. యూసీ మొదటి రెండేళ్ల స్థాయి కోర్సుల నుంచి 70 సెమిస్టర్ యూనిట్ల వరకే డిగ్రీకి లెక్కలోకి తీసుకుంటుంది. అసిస్ట్ అనే రాష్ట్ర వెబ్‌సైట్‌లో మీ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో ఉంటుంది. రిజిస్ట్రేషన్‌కు ముందు ఆ పేజీ చూడకుండా ఒక్క కోర్సూ తీసుకోకండి. లెక్కకు రాని నాలుగు యూనిట్ల కోర్సును యూనివర్సిటీలో మళ్లీ చదవాల్సి వస్తే, కమ్యూనిటీ కాలేజీ ఫీజుకు ఎన్నో రెట్లు వదిలిపోతుంది.

మూడో పని: ఫాఫ్సా, మన ఆస్తిపాస్తుల సంగతి

ఫెడరల్ సహాయం కోసం ఏటా నింపే ఉచిత దరఖాస్తు ఫాఫ్సా. మామూలుగా అక్టోబరు 1 నాటికి తెరుచుకుంటుంది. దీన్ని నింపిపెడతామని డబ్బు అడిగేవారి జోలికి వెళ్లకండి. వచ్చే ఆగస్టులో యూనివర్సిటీలో చేరేవారు ఈ అక్టోబరులోనే నింపాలి.

నేను చేసిన తప్పు చెబుతాను. కమ్యూనిటీ కాలేజీలో ఏటా ఫాఫ్సాను పాతదాని మీదే దిద్ది పంపే అలవాటు నాది. ట్రాన్స్‌ఫర్ అయ్యే ఏడాది కూడా అలాగే పంపాను. అందులో యూనివర్సిటీ కోడ్ చేర్చలేదు. ఏప్రిల్‌లో అందరికీ సహాయం ఉత్తరాలు వస్తుంటే నాకు రాలేదు. అడిగితే, మీ ఫాఫ్సా మాకు అందలేదన్నారు. ఒక దరఖాస్తులో 20 కాలేజీల వరకు చేర్చవచ్చు. దరఖాస్తు చేసిన ప్రతి యూనివర్సిటీనీ, ఒకవేళ ట్రాన్స్‌ఫర్ కుదరకపోతే అని ప్రస్తుత కాలేజీనీ చేర్చేయండి.

ఇద్దరూ కలిపి పన్ను రిటర్న్ వేస్తే భర్త లేదా భార్య విడిగా సంతకం పెట్టనక్కరలేదు. విడివిడిగా వేస్తే మాత్రం వారూ ఖాతా తెరిచి, పన్ను సమాచారం తీసుకోవడానికి సమ్మతి ఇవ్వాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారికి కూడా ఖాతా తెరిచే వీలుంది. ఆ సమ్మతి నొక్కకపోతే దరఖాస్తు పంపినా సహాయం లెక్క తేలదు.

ఆదాయం రెండేళ్ల కిందటి రిటర్న్ నుంచి తీసుకుంటారు. 2026-27కు 2024 పన్ను సంవత్సరం. ఈ రెండేళ్లలో ఉద్యోగం పోయి ఉంటే ఏం చేయాలో కింద చెబుతాను.

ఆస్తుల దగ్గర మనవాళ్లు తడబడతారు. మీరు ఉంటున్న ఇల్లు, 401కే వంటి రిటైర్‌మెంట్ ఖాతాలు చూపనక్కరలేదు. హైదరాబాద్ శివార్లలో కొన్న ప్లాటు, విజయవాడలో అద్దెకిచ్చిన ఫ్లాటు, బ్యాంకుల్లోని ఫిక్స్‌డ్ డిపాజిట్లు చూపాలి. ఎక్కడ ఉన్నా ఆస్తి ఆస్తే. దరఖాస్తు సంతకం చేసే రోజున దాని విలువలోంచి దాని మీదున్న అప్పు తీసేసి డాలర్లలో రాయాలి. అన్నదమ్ములతో ఉమ్మడిగా ఉన్నది అయితే మీ వాటా వరకే. నాన్న పేరు మీదున్న పొలం మీది కాదు కాబట్టి రాయనక్కరలేదు. మీ పేరుకు రాసిచ్చి కౌలు మాత్రం ఆయనే తీసుకుంటున్నా, కాగితం మీద అది మీదే. రిజిస్ట్రేషన్ విలువ రాయాలా, బజారు ధర రాయాలా అని అడుగుతారు. అమ్మితే ఎంత వస్తుందో అదే రాయాలి. ఆదాయం తక్కువగా ఉండి పన్ను రిటర్న్ సాదాసీదాగా ఉన్నవారికి ఈ ఆస్తుల ప్రశ్నలు రాకుండానే దరఖాస్తు ముగిసిపోవచ్చు.

వీటన్నిటి నుంచి ఎస్‌ఏఐ అనే ఒక సంఖ్య వస్తుంది. చదువుకు మీరు ఎంత పెట్టుకోగలరో చూపే అంచనా అది, మైనస్ 1500 దాకా పడవచ్చు. ఎంత తగ్గితే అంత మేలు. పంపిన తరువాత కొందరిని తనిఖీకి ఎంచుకుంటారు. కంగారు పడకండి, అడిగిన కాగితాలు పంపండి. పంపిన ప్రతిదానికీ తేదీతో ఒక నకలు దగ్గర ఉంచుకోండి. నా పన్ను కాగితం ఒక కార్యాలయంలో రెండుసార్లు “కనిపించలేదు”. మూడోసారి పాత ఈమెయిలునే తిరిగి పంపితే అరగంటలో కనిపించింది.

నాలుగో పని: రాష్ట్రం ఇచ్చేది వదులుకోకండి

కాలిఫోర్నియాలో మార్చి 2 తేదీని గోడ మీద రాసి పెట్టుకోండి. కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు క్యాల్ గ్రాంట్ కోసం సెప్టెంబరు 2 వరకు రెండో గడువు ఉంది. ఆ తేదీ చూసుకునే చాలామంది మోసపోతారు. అది ఆ శరత్కాలంలో కమ్యూనిటీ కాలేజీలోనే ఉండేవారికి. యూనివర్సిటీకి వెళ్తున్నవారికి మార్చి 2 దాటితే ఆ ఏడాదికి కొత్తగా క్యాల్ గ్రాంట్ దొరకడం కష్టం.

యూనివర్సిటీలో చేరేటప్పుడు ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకిచ్చే క్యాల్ గ్రాంట్‌కు 28 ఏళ్ల లోపు అన్న షరతు ఉంది. ఒకప్పుడు పెద్దవారికి అక్కడే తలుపు మూసుకుపోయేది. 2021లో రాష్ట్రం కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు వయసు షరతూ, హైస్కూలు ముగించి ఎన్నేళ్లయిందన్న షరతూ తీసేసింది. కమ్యూనిటీ కాలేజీలో ఉండగానే ఆ గ్రాంటు వచ్చినవారు యూసీకో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకో మారినప్పుడు దాన్ని వెంట తీసుకెళ్లవచ్చు. ఇందులో కిటుకు ఇదే: మీ వయసు 28 దాటితే, ట్రాన్స్‌ఫర్‌కు ముందు సంవత్సరమే కమ్యూనిటీ కాలేజీ ద్వారా క్యాల్ గ్రాంట్ సంపాదించుకోవాలి. ట్రాన్స్‌ఫర్ అయ్యాక అడిగితే ఆ 28 ఏళ్ల నియమం ఎదురవుతుంది. ఫీజు ఎలాగూ మాఫీ అయిందని కమ్యూనిటీ కాలేజీలో ఫాఫ్సా నింపనివారు ఇక్కడ దెబ్బతింటారు.

పిల్లలున్న క్యాల్ గ్రాంట్ విద్యార్థులకు ప్రభుత్వ కాలేజీల్లో ఏడాదికి 6,000 డాలర్ల వరకు అదనంగా వస్తుంది. ఇది నాకు తెలిసినవారిలో సగం మందికి తెలియదు. ఫాఫ్సాలో పిల్లల వివరాలు సరిగ్గా ఉండాలి, రాష్ట్ర విద్యార్థి సహాయ కమిషన్ ఖాతాలోకి వెళ్లి అడిగినది ధ్రువీకరించాలి.

ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ జీతం ఉండి పెల్ రానివారికి మిడిల్ క్లాస్ స్కాలర్‌షిప్ ఉంది. రెండు లక్షల డాలర్ల దరిదాపుల్లో ఆదాయం ఉన్న కుటుంబాలకు కూడా యూసీ, స్టేట్ యూనివర్సిటీల్లో దీని కింద కొంత అందవచ్చు. విడిగా దరఖాస్తు లేదు, ఫాఫ్సాయే దరఖాస్తు. “మాకెలాగూ రాదు” అని ఫాఫ్సా మానేసే కుటుంబాలు పోగొట్టుకునేది ఇదే. యూసీ వారి బ్లూ అండ్ గోల్డ్ పథకం నిర్ణీత ఆదాయం లోపు ఉన్నవారికి ట్యూషన్ మొత్తం పూడుస్తుంది. కానీ ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకు రెండేళ్లే. మూడో ఏడు పట్టే మేజర్ అయితే ఆ ఏడాది ఖర్చు ముందే లెక్కలో పెట్టుకోండి.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవారికి రెండు మాటలు. వాషింగ్టన్ కాలేజ్ గ్రాంట్‌కు వయోపరిమితి లేదు, కమ్యూనిటీ కాలేజీలోనూ యూనివర్సిటీలోనూ చెల్లుతుంది. న్యూజెర్సీలో గార్డెన్ స్టేట్ గ్యారంటీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో మూడు, నాలుగు సంవత్సరాల కోసమే పెట్టినది, కాబట్టి ఎడిసన్ చుట్టుపక్కల కమ్యూనిటీ కాలేజీలో మొదలుపెట్టిన మనవారికి సరిగ్గా సరిపోతుంది. టెనెసీ, మిషిగన్‌లలో రీకనెక్ట్ పేరుతో పెద్దవారి కోసమే పథకాలున్నాయి గానీ అవి ప్రధానంగా అసోసియేట్ డిగ్రీ వరకే. ఆ తరువాతి రెండేళ్లకు వేరే ఏర్పాటు చూసుకోవాలి.

ఐదో పని: పెద్దవారికోసమే ఉన్న స్కాలర్‌షిప్పులు

వందల వెబ్‌సైట్లలో పేరు నమోదు చేసుకుని ఇన్‌బాక్స్ నింపుకోవడం వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. మనకు తగినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఓషర్ రీఎంట్రీ స్కాలర్‌షిప్ మొదటిది. 25 నుంచి 50 ఏళ్ల మధ్య ఉండి, చదువులో కనీసం ఐదేళ్ల ఎడం వచ్చి, మొదటి బ్యాచిలర్స్ కోసం వచ్చినవారికి. బర్నార్డ్ ఓషర్ ఫౌండేషన్ డబ్బు ఇస్తుంది, ఎంపిక యూనివర్సిటీ చేస్తుంది. మీ యూనివర్సిటీలో ఇది ఉందో లేదో సహాయ కార్యాలయాన్ని పేరు పెట్టి అడగండి.

జాక్ కెంట్ కుక్ ఫౌండేషన్ ట్రాన్స్‌ఫర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 55,000 డాలర్ల వరకు ఇస్తుంది. పోటీ చాలా తీవ్రం, మార్కులు చాలా బాగుండాలి. వయసు అడ్డు కాదు. జెనెట్ ర్యాంకిన్ ఫౌండేషన్ తక్కువ ఆదాయం ఉన్న, 35 ఏళ్లు నిండిన మహిళలకు ఇస్తుంది. ఇంటి పోషణ భారం ప్రధానంగా మోసే మహిళలకు సొరాప్టిమిస్ట్ సంస్థ లివ్ యువర్ డ్రీమ్ అవార్డులు ఉన్నాయి. వాటి గడువు నవంబరు 15. ఫై థీటా కప్పా అనే కమ్యూనిటీ కాలేజీల ప్రతిభా సంఘం నుంచి ఆహ్వానం వస్తే, చెత్త ఈమెయిలు అనుకుని తీసేయకండి. దానిలో సభ్యత్వం ఉన్న ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల కోసమే చాలా యూనివర్సిటీలు విడిగా స్కాలర్‌షిప్పులు పెడతాయి.

వీటన్నిటికంటే తేలిగ్గా దొరికేవి మీ కమ్యూనిటీ కాలేజీ ఫౌండేషన్ ఇచ్చే చిన్న మొత్తాలు. ఐదు వందలు, వెయ్యి డాలర్లు. దరఖాస్తు చేసేవారే తక్కువ.

వ్యాసం రాసేటప్పుడు మనవాళ్లు రెండు తప్పులు చేస్తారు. ఒకటి, కన్నీటి కథ. రెండోది, “చిన్నప్పటి నుంచి చదువంటే నాకు ఎంతో ఇష్టం”. చదువు ఏ నెలలో ఎందుకు ఆగింది, ఎప్పుడు మళ్లీ మొదలైంది, రోజులో ఏ గంటల్లో చదువుతున్నారు, డిగ్రీ వచ్చాక ఏ ఉద్యోగం చేస్తారు: ఇవి సూటిగా రాయండి. ప్రొఫెసర్ సిఫారసు ఉత్తరం కోసం సెమిస్టర్ మధ్యలోనే అడగండి. కనీసం మూడు వారాల వ్యవధి ఇవ్వండి.

ఆరో పని: సహాయం ఉత్తరం చదవడం, బేరమాడడం

మార్చి, ఏప్రిల్‌లలో వచ్చే ఉత్తరంలో గ్రాంట్లూ అప్పులూ ఒకే పట్టికలో కలిపి, కింద పెద్ద మొత్తం వేసి చూపిస్తారు. చూడగానే కళ్లు మెరుస్తాయి. పెన్సిలు తీసుకుని అప్పులు అన్న ప్రతి వరుస కొట్టేయండి. వర్క్ స్టడీ కూడా కొట్టేయండి, అది పనిచేస్తేనే వచ్చే జీతం. మిగిలినదే నిజంగా ఇచ్చింది. దాన్ని ఫీజు, ఆరోగ్య బీమా, పుస్తకాలు, రాకపోకల ఖర్చులోంచి తీసేస్తే మీరు తెచ్చుకోవలసింది తేలుతుంది. మీకు ఇప్పటికే కుటుంబ బీమా ఉంటే యూనివర్సిటీ బీమా వద్దని గడువులోగా దరఖాస్తు పెట్టండి. ఏటా వేల డాలర్లు మిగలవచ్చు.

ఉద్యోగం పోయిందా? విడాకులా? ఆస్పత్రి ఖర్చులా? ఫాఫ్సా రెండేళ్ల కిందటి జీతం చూసి మిమ్మల్ని ధనవంతులనుకుంటోందా? అయితే యూనివర్సిటీ సహాయ కార్యాలయానికి ప్రత్యేక పరిస్థితుల అభ్యర్థన పెట్టండి. తొలగింపు ఉత్తరం, చివరి జీతం చీటీ, నిరుద్యోగ భృతి పత్రం జతచేయండి. వారికి మీ లెక్క మార్చే అధికారం చట్టం ఇచ్చింది. విడిగా పరిశీలించకుండా అందరి అభ్యర్థనలనూ గంపగుత్తగా తిరస్కరించే విధానం పెట్టుకోవడానికి వీల్లేదు. అయితే వారి నిర్ణయమే తుది నిర్ణయం. కమ్యూనిటీ కాలేజీలో ఒప్పుకున్న అభ్యర్థన యూనివర్సిటీకి దానంతట అది వెళ్లదు, మళ్లీ పెట్టుకోవాలి.

పిల్లల డేకేర్ ఖర్చు కూడా అడిగి చేర్పించుకోండి. విద్యార్థి చదువు ఖర్చు అని కార్యాలయం వేసే అంచనాలో పిల్లల సంరక్షణ, కంప్యూటర్ కొనుగోలు చేర్చే వీలుంది. ఆ అంచనా పెరిగితే మీకు రాగల సహాయం హద్దు కూడా పెరుగుతుంది. బయటి స్కాలర్‌షిప్ వస్తే దాని బదులు ముందు అప్పు తగ్గించమని, గ్రాంటు తగ్గించవద్దని ఈమెయిల్లో అడగండి.

ఏడో పని: అప్పు తీసుకోక తప్పకపోతే

స్వతంత్ర విద్యార్థికి మూడో, నాలుగో సంవత్సరాల్లో ఏడాదికి 12,500 డాలర్ల వరకు ఫెడరల్ అప్పు దొరుకుతుంది. అందులో చదువుతున్నన్నాళ్లూ వడ్డీ పడని భాగం 5,500 వరకే. మొత్తం హద్దు 57,500. 2025-26లో వడ్డీ 6.39 శాతం. అప్పు అందాలంటే కనీసం సగం సమయం, అంటే సాధారణంగా ఆరు యూనిట్లు చదవాలి. 2026 జూలై 1 నుంచి పూర్తి సమయం చదవనివారికి ఈ ఏటి హద్దు వారి యూనిట్ల నిష్పత్తిలో తగ్గుతుంది. ఉద్యోగం చేస్తూ రెండేసి కోర్సులు చదివే మనలాంటివారికి ఇది నేరుగా తగిలే మార్పు. పెల్ కూడా 12 యూనిట్లలో మీరు ఎన్ని తీసుకుంటే ఆ శాతమే వస్తుంది.

ఇస్తామన్నదంతా తీసుకోనక్కరలేదు. ఆన్‌లైన్‌లో మొత్తం తగ్గించి ఒప్పుకోవచ్చు. ప్రైవేటు అప్పుకు భర్తనో, బాబాయినో హామీ సంతకం పెట్టమనే ముందు ఈ ఫెడరల్ హద్దు అయిపోయిందా అని చూడండి. ఎప్పుడో తీసుకున్న ఫెడరల్ అప్పు ఎగవేతలో ఉంటే కొత్త సహాయం ఏదీ రాదు. ముందు దాన్ని సరిచేసుకోవాలి.

మీరు ఉద్యోగం చేస్తుంటే యజమానిని అడగండి. ఏడాదికి 5,250 డాలర్ల వరకు చదువు సాయం పన్ను లేకుండా ఇచ్చే వీలు చట్టంలో ఉంది. గోదాముల్లో, కాఫీ దుకాణాల్లో పార్ట్‌టైం చేసేవారికి కూడా కొన్ని కంపెనీలు ఇస్తాయి.

చేరాక మరిచిపోకూడనివి

సహాయం కొనసాగాలంటే చదువులో తగినంత పురోగతి చూపాలి. చాలా చోట్ల సగటు గ్రేడు 2.0, తీసుకున్న యూనిట్లలో దాదాపు మూడింట రెండు వంతులు పూర్తి, డిగ్రీకి కావలసిన యూనిట్లలో 150 శాతం దాటకూడదు. 120 యూనిట్ల డిగ్రీకి ఆ హద్దు 180. యూనివర్సిటీ అంగీకరించిన ట్రాన్స్‌ఫర్ యూనిట్లూ ఇందులో కలుస్తాయి. మేజర్ మార్చుకుంటూ వచ్చిన పెద్దవారు ఇక్కడ ఆగిపోతారు. ఆగితే అప్పీలు పెట్టవచ్చు. ఏమి జరిగింది, ఇప్పుడు ఏమి మారింది అని రెండు పేరాలు, ఆధారం ఒకటి.

సెమిస్టర్ మధ్యలో అమ్మకో నాన్నకో బాగాలేదని ఇండియాకు పరుగెత్తే పరిస్థితి మనకు రావచ్చు. 60 శాతం సెమిస్టర్ గడవకముందే అన్ని కోర్సులూ వదిలేస్తే వచ్చిన ఫెడరల్ డబ్బులో కొంత వెనక్కి కట్టాలి. టికెట్ కొనే ముందు సహాయ కార్యాలయానికి ఒక్క ఫోను చేయండి. ఒక కోర్సు ఆన్‌లైన్‌లో నిలుపుకోగలిగినా లెక్క మారుతుంది.

ఒకేసారి రెండు కాలేజీల్లో పెల్ తీసుకోవడం కుదరదు. వేసవిలో పాత కమ్యూనిటీ కాలేజీలో ఒక కోర్సు చేస్తుంటే, ఆ వేసవి సహాయం ఏ కాలేజీ ద్వారా అన్నది ముందే తేల్చుకోండి.

ఇక పన్నులు. జనవరి ఆఖరులో యూనివర్సిటీ నుంచి ఫీజు వివరాలు చూపే 1098-టీ పత్రం వస్తుంది. చదువు ఖర్చుకు పన్నులో ఇచ్చే తగ్గింపు అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ ఏడాదికి 2,500 డాలర్ల వరకు, అందులో 1,000 వరకు పన్ను లేకపోయినా చేతికి వస్తుంది. నాలుగు పన్ను సంవత్సరాలకే, అదీ కాలేజీ చదువులో మొదటి నాలుగేళ్లు పూర్తికాకముందే. ఇండియాలో డిగ్రీ ముగించినవారు దీన్ని కాక లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ చూడాలి, అది 2,000 వరకు, ఏళ్ల పరిమితి లేదు. దంపతులు కలిపి రిటర్న్ వేస్తే ఈ రెండింటికీ 1,60,000 డాలర్ల ఆదాయం దాటాక కోత మొదలై 1,80,000కు సున్నా అవుతుంది. విడివిడిగా వేసే దంపతులకు రెండూ రావు. గ్రాంటు డబ్బులో కొంత అద్దెకూ తిండికీ వాడినట్టు ఆదాయంలో చూపి, ఫీజును క్రెడిట్‌కు వాడుకునే వీలు కూడా కొన్ని సందర్భాల్లో ఉంటుంది. కొన్నిసార్లు అదే లాభం, కాబట్టి రిటర్న్ వేసే ముందు రెండు రకాలుగానూ లెక్క కట్టించండి. మా వీధి చివరి అమ్మాయికి ఆ లెక్కలోనే పదకొండు వందల డాలర్లు ఎక్కువ వచ్చాయి. ఆమె బీకాం మూడేళ్లది. అది అమెరికా బ్యాచిలర్స్‌తో సమానమా కాదా తేల్చడానికి ఆ కాగితాల కట్ట ఇప్పుడు యూనివర్సిటీ పరిశీలనలో ఉంది.